సూదిమందు పుట్టిందే నరాల నొప్పి కోసం

ఈ ఎపిసోడ్ మా పెద్దమ్మ అడిగిన ఒక ప్రశ్నతో మొదలవుతుంది.

మా పెద్దమ్మకి ఐదారేళ్ల కిందట ఎడమ దవడలో నొప్పి మొదలైంది. మామూలు పంటినొప్పి కాదు. పళ్లు తోముకుంటుంటే చటుక్కున కరెంటు షాకు కొట్టినట్టు ఉండేదట. రెండు సెకన్లు, మూడు సెకన్లు, అంతే. మళ్లీ మామూలే. కాసేపాగి మళ్లీ ఇంకోటి. ఫ్యాను గాలి చెంపకి తగిలినా వచ్చేది. పంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఒక పన్ను పీకారు. తగ్గలేదు. రెండోది పీకారు. మూడోదీ పీకారు. మూడూ బాగున్న పళ్లే అని తర్వాత తెలిసింది. ఈలోపు ఇంట్లో మేమందరం ఏమన్నామంటే, 'వయసు మీద పడింది కదా, కొంచెం ఎక్కువ చేసి చెబుతోంది' అని. నేనూ అన్నాను. దాచుకోవడం దేనికి.

చివరికి ఒక న్యూరాలజిస్టు ఐదు నిమిషాల్లో చెప్పేశారు, ఇది ట్రైజెమినల్ న్యూరాల్జియా అని. అంటే ముఖానికి స్పర్శనిచ్చే నరం రేగిపోవడం. కార్బమజెపిన్ మాత్రలు రాశారు. ఏడాది బాగా పనిచేశాయి. తర్వాత డోసు పెంచేకొద్దీ తల తిరగడం, తూలి పడిపోవడం. అప్పుడు ఇంకో డాక్టర్, 'చెంపలోంచి సూది పెట్టి నరం మొదలు దగ్గర వేడి చేస్తాం' అన్నారు. పెద్దమ్మ నా వైపు తిరిగి అడిగింది, "చెంపలోంచి సూదా? ఎవడు కనిపెట్టాడ్రా దీన్ని?"

నాకు తెలీదు. వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ పోతే తేలిందేంటంటే, మనకి జ్వరానికీ, కుక్కకాటుకీ, కరోనాకీ వేసిన సూదిమందు ఉంది చూశారూ, అది మొదలైంది సరిగ్గా ఇలాంటి ఒకావిడ చెంప నొప్పితోనే.

అది 1844. ఐర్లండ్‌లో డబ్లిన్ నగరం, మీత్ హాస్పిటల్. ఫ్రాన్సిస్ రిండ్ అని ఒక సర్జన్. ఆయన దగ్గరికి 59 ఏళ్ల మహిళ వచ్చింది. కొన్నేళ్లుగా ముఖం ఎడమ వైపు నొప్పి. చూశారా, మా పెద్దమ్మ వైపే. నోటి ద్వారా మార్ఫిన్ ఇచ్చి చూశారు, లాభం లేదు. అప్పుడు రిండ్ ఒక సన్నని గొట్టం లాంటి పరికరంతో ఆ నరం వెళ్లే దారిలో చర్మం కిందికి మార్ఫిన్ ద్రావణాన్ని దిగేలా చేశాడు. సిరంజిలా నొక్కేది కాదు, మందు దానంతటదే కిందికి జారేది. ఆవిడకి నిమిషంలో నొప్పి పోయింది. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి బాగా నిద్రపోయింది. మరుసటి ఏడాది రిండ్ ఈ సంగతి అక్కడి వైద్య పత్రికలో రాశాడు. చర్మం కిందికి ద్రవరూపంలో మందు ఎక్కించిన మొదటి చికిత్సగా చరిత్రకారులు సాధారణంగా దీన్నే చెబుతారు.

తొమ్మిదేళ్ల తర్వాత, 1853లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్ అనే డాక్టర్ అసలు సిరంజి వాడాడు. ఈసారీ పేషెంటు ఒక ముసలావిడే, ఈసారీ నరాల నొప్పే. షెర్రీ అనే ద్రాక్షసారాలో మార్ఫిన్ కలిపి, నొప్పి ఉన్నచోటే గుచ్చాడు. రాత్రి ఇచ్చి, మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఆవిడ ఇంకా నిద్ర లేవలేదు! కంగారు పడ్డాడు పాపం. వుడ్ నమ్మకం ఏంటంటే, మందు గుచ్చిన చోటే పనిచేస్తుంది అని. కానీ ఆవిడ నిద్రే చెబుతోంది కదా, మందు ఒళ్లంతా పాకిందని. ఈ మాట కొన్నేళ్ల తర్వాత లండన్‌లో చార్లెస్ హంటర్ అనే సర్జన్ తేల్చాడు. నొప్పి ఉన్నచోట కాకుండా వేరేచోట గుచ్చినా పనిచేస్తోంది అని చూపించాడు. ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. ఆ గొడవ వల్ల మనకి దక్కిందేంటంటే, ముఖం నొప్పికి ముఖంలోనే గుచ్చించుకోవాల్సిన పని తప్పింది.

ఇక్కడ ఒక చిన్న మాట. మన భాషలో నరం అంటే రెండూ. రక్తం తీయడానికి 'నరం దొరకట్లేదు' అంటాం, అది రక్తనాళం. 'నరాల బలహీనత' అంటాం, అది నాడి. నేను ఈ ఎపిసోడ్‌లో నరం అన్నప్పుడల్లా రెండోదే అనుకోండి. ఇలా ఒకే మాట ఉండటం వల్ల తర్వాత ఒక తమాషా జరుగుతుంది, ఆగండి.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1860లు, అంతర్యుద్ధం. ఫిలడెల్ఫియాలో టర్నర్స్ లేన్ అని ఒక సైనిక ఆస్పత్రి. నరాలు దెబ్బతిన్న సైనికుల కోసం ప్రత్యేకంగా పెట్టింది. అక్కడ సైలస్ వెయిర్ మిచెల్ అనే డాక్టరూ, మరో ఇద్దరు సహచరులూ పనిచేశారు. వాళ్లకి కనిపించింది ఏంటంటే, తుపాకీ గుండు గాయం ఎప్పుడో మానిపోయింది, చర్మం మూసుకుపోయింది, కానీ చెయ్యి మాత్రం నిప్పుల్లో పెట్టినట్టు మండుతోంది. సైనికులు చేతికి తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాళ్లు. కొందరు బూట్లలో నీళ్లు పోసుకుని నడిచేవాళ్లు! పక్కన ఎవరైనా పేపరు తిప్పిన శబ్దానికి, వార్డులో ఎవరో అటుగా నడిచిన అదురుకి, బయట బ్యాండు మోగినా విలవిల్లాడిపోయేవాళ్లు. మిచెల్ దీనికి కాసాల్జియా అని పేరు పెట్టాడు, గ్రీకులో మంట, నొప్పి అనే మాటలు కలిపి. తెగిపోయిన కాలు ఇంకా నొప్పి పెడుతోందని చెప్పేవాళ్లకి ఫాంటమ్ లింబ్ అన్న పేరు తెచ్చిందీ ఆయనే.

నన్ను ఆపేసిన విషయం ఇంకోటి. ఇదే ముగ్గురు డాక్టర్లు 1864లో ఇంకో వ్యాసం కూడా రాశారు. దేని గురించి అంటే, జబ్బు నటించే సైనికుల్ని ఎలా పట్టుకోవాలి అని. ఈథర్ మత్తు ఇచ్చి, మత్తులోకి వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో 'పడిపోయిన' చెయ్యి కదులుతుందేమో చూసేవాళ్లు. అంటే నరాల నొప్పిని లోకానికి అంత వివరంగా రాసి చూపించిన మనుషులు కూడా, పక్క మంచం మీదవాణ్ణి అనుమానిస్తూనే ఉన్నారు. తప్పు పట్టడం తేలికే అనుకోండి. ఎక్స్‌రే లేదు, స్కాన్ లేదు, యుద్ధానికి మనుషులు కావాలి. కానీ బయటికి గాయం కనపడని నొప్పికి సాక్ష్యం అడగడం అనే అలవాటు అప్పటినుంచీ మనతోనే ఉంది. మూడు పళ్లు పీకించుకున్న మా పెద్దమ్మనే మేం నమ్మలేదు కదా.

మరి చికిత్స? అప్పట్లో అందరి తలలోనూ ఉన్న బొమ్మ ఒకటే. అది ఫ్రెంచ్ తత్వవేత్త దెకార్త్ గీసింది. ఆయన పోయాక, 1660లలో అచ్చయిన పుస్తకంలో ఉంటుంది. నిప్పు దగ్గర కాలు పెట్టిన మనిషి, పాదం నుంచి మెదడు దాకా ఒక దారం. గుళ్లో గంటకి కట్టిన తాడు అనుకోండి. కింద లాగితే పైన మోగుతుంది. చాలా అందమైన ఆలోచన. దీని నుంచి వచ్చే తీర్మానం కూడా అంతే సూటిగా ఉంటుంది: గంట ఆగాలంటే తాడు కోసెయ్.

కోశారు. దాదాపు వందేళ్లు కోస్తూనే ఉన్నారు. ముందు చేతుల్లో, కాళ్లల్లో నరాలు కోశారు. తర్వాత వెన్నుపాము పక్కన వేళ్లు కోశారు. 1890లలో పుర్రె తెరిచి ముఖం నరం మొదలునే తీసేశారు. చాలామంది ఆపరేషన్ బల్ల మీదే పోయారు. 1911-12లో అదే ఫిలడెల్ఫియాలో స్పిల్లర్, మార్టిన్ అనే ఇద్దరు వెన్నుపాములోనే నొప్పి మోసే భాగాన్ని కోశారు. కాన్సర్ నొప్పితో కొద్ది నెలలే బతికేవాళ్లకి అది నిజంగా ఉపయోగపడింది. కానీ ఎక్కువ కాలం బతకాల్సినవాళ్ల విషయంలో ఒక వింత జరిగింది. నెలలు, ఏళ్లు గడిచాక చాలామందికి నొప్పి తిరిగొచ్చింది. కొందరికైతే ముందుకన్నా ఘోరంగా. ముట్టుకుంటే స్పర్శ లేదు, మొద్దుబారిపోయింది, కానీ ఆ మొద్దు చోటే భగభగ మండుతోంది! దీనికి అనెస్తీషియా డొలొరోసా అని పేరు కూడా ఉంది. తాడు లేదు, గంట మోగుతోంది. దెకార్త్ బొమ్మలో ఎక్కడో తప్పుందన్నమాట.

ఎందుకలా? నరం వైరు కాదు కాబట్టి. కోసిన కొస దగ్గర అది మళ్లీ మొలకెత్తుతుంది, చిక్కుపడి ఉండలా అవుతుంది, ఆ ఉండ ఊరికే సంకేతాలు పంపుతుంది. ఇంకోవైపు, కబురు రావడం ఆగిపోయిన వెన్నుపాము ఊరుకోదు. తనలో తనే మోగడం నేర్చుకుంటుంది.

కోయకుండా తాత్కాలికంగా ఆపే దారి ఇంకోటి దొరికింది, అది కొకైన్. 1884లో వియన్నాలో కార్ల్ కొల్లర్ అనే కుర్ర డాక్టర్ దాన్ని కంట్లో వేస్తే కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. ఆ వెంటనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ నరం పక్కనే కొకైన్ ఇంజెక్ట్ చేసి ఆ భాగం అంతా మొద్దుబార్చాడు. ప్రయోగాలు తన మీద తనే చేసుకుని, దానికి బానిసై, ఆ బానిసత్వం నుంచి పూర్తిగా ఎప్పటికీ బయటపడలేదు పాపం. ఈ రోజు డాక్టర్లు 'నర్వ్ బ్లాక్' అంటున్నది ఆ దారిలోంచి వచ్చిందే.

జర్మనీలో కీల్ నగరంలో 1898 ఆగస్టులో జరిగింది మాత్రం సినిమా సీనులా ఉంటుంది. ఆగస్ట్ బియర్ అనే సర్జన్ వెన్నులోకి కొకైన్ ఎక్కించి ఆపరేషన్లు చేశాడు. తర్వాత, ముందు నా మీద చూసుకోవాలి అనుకున్నాడు. అసిస్టెంటు హిల్డెబ్రాంట్ సూది గుచ్చాడు. తీరా చూస్తే సిరంజి ఆ సూదికి పట్టట్లేదు! వెన్నులో నీరు కారిపోతోంది. ఆపేశారు. వెంటనే హిల్డెబ్రాంట్, 'అయితే నాకు చేయండి' అన్నాడు. బియర్ చేశాడు. కాసేపటికి కాళ్లు మొద్దుబారాయి. ఇనుప సుత్తితో మోకాలి కింద ఎముక మీద కొట్టాడు, వెలుగుతున్న చుట్టతో కాల్చాడు. హిల్డెబ్రాంట్‌కి నొప్పే లేదు. ఇద్దరూ ఆ రాత్రి వైను తాగి, చుట్టలు కాల్చి సంబరం చేసుకున్నారు. మర్నాటి నుంచి బియర్‌కి లేచి నిలబడితే తలనొప్పి, రోజుల తరబడి మంచం మీదే. హిల్డెబ్రాంట్‌కి తలనొప్పీ, దెబ్బలు తిన్న కాళ్ల నొప్పులూ. సిజేరియన్ అయిన మీ అక్కనో వదిననో అడగండి, వెన్నులో సూది తర్వాత తలనొప్పి వస్తుందని డాక్టర్లు ఎందుకు జాగ్రత్త చెబుతారో. ఆ తలనొప్పిని మొదట అనుభవించి రాసినవాడు బియరే.

1901లో పారిస్‌లో సికార్, కాతెలాన్ అనే ఇద్దరు విడివిడిగా తోక ఎముక దగ్గర్నుంచి వెన్నుపాము పొర బయటికి మందు ఎక్కించే దారి కనిపెట్టారు. సయాటికాకి అది వాడారు. 1950లలో అందులో స్టెరాయిడ్ చేరింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నడుం నొప్పికి 'వెన్నులో ఇంజెక్షన్' అంటే ఎక్కువగా దీని వారసులే. అన్నట్టు, సయాటికా మనకి కొత్త కాదు. ఆయుర్వేద గ్రంథాలు దీన్ని గృధ్రసి అన్నాయి, చరక సంహితలో దీనికి అగ్నికర్మ, అంటే కాల్చడం, ఒక చికిత్స. మన ఊళ్లలో వాతలు పెట్టించుకున్న తాతల్ని చూసే ఉంటారు. రేడియో ఫ్రీక్వెన్సీ కూడా వేడితో చేసే పనే కదా, రెండూ ఒకటేనా అంటారేమో. కాదు. వాత చర్మాన్ని కాలుస్తుంది. రేడియో ఫ్రీక్వెన్సీ సూది మొన దగ్గర, లెక్కపెట్టిన వేడితో, ఎక్స్‌రేలో చూస్తూ, ఎంచుకున్న నరాన్నే కాలుస్తుంది. 'మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు' అనే వీడియోలు వేరే ఛానెళ్లలో ఉంటాయి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి. జాన్ బోనికా. 1917లో ఇటలీలోని ఫిలికూడీ అనే చిన్న దీవిలో పుట్టాడు, చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. మెడిసిన్ చదువుకి డబ్బుల్లేక కుస్తీలు పట్టాడు. డాక్టరు కుస్తీ పడుతున్నాడని తెలియకూడదని ముసుగు వేసుకుని 'మాస్క్‌డ్ మార్వెల్' అనే పేరుతో దిగేవాడు. ఆ కుస్తీలు ఒళ్లంతా కుళ్లబొడిచాయి. జీవితాంతం నొప్పులే. భార్యకి మొదటి కాన్పులో అనుభవం లేని కుర్ర డాక్టర్ ఈథర్ ఇస్తే ఆవిడ చావు దాకా వెళ్లి వచ్చింది. 1944లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మాడిగన్ సైనిక ఆస్పత్రిలో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికులు, మిచెల్ చూసిన అవే మంటలతో! పుస్తకాలు తిరగేస్తే నొప్పి మీద ఉన్నది చాలా తక్కువ. వేరే విభాగాల డాక్టర్లని అడిగాడు, వాళ్లకీ తెలియదు. అందర్నీ ఒక చోట కూర్చోబెట్టి ఒకే పేషెంటు గురించి మాట్లాడించడం మొదలెట్టాడు. పెయిన్ క్లినిక్ అనే ఆలోచన అదీ. 1953లో దాదాపు 1500 పేజీల పుస్తకం రాశాడు. నొప్పి అనేది ఏదో జబ్బు పంపిన ఉత్తరం మాత్రమే కాదు, ఎక్కువ కాలం ఉంటే అదే ఒక జబ్బు అని గట్టిగా వాదించాడు. 1973లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘానికి నాంది పలికిందీ ఆయనే.

దెకార్త్ తాడుకి గట్టి దెబ్బ 1965లో పడింది. రోనల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు సైన్స్ పత్రికలో ఒక సిద్ధాంతం రాశారు. వెన్నుపాములో ఒక గేటు ఉంది అన్నారు. మోకాలికి దెబ్బ తగిలితే మనం ఏం చేస్తాం? వెంటనే రుద్దుకుంటాం. ఎందుకు తగ్గుతుంది? రుద్దిన స్పర్శ లావు నరాల్లో వస్తుంది, నొప్పి సన్న నరాల్లో వస్తుంది. లావు నరాల కబురు గేటుని మూసేస్తుంది, సన్న నరాల కబురు సగం బయటే ఉండిపోతుంది. పై నుంచి మెదడు కూడా ఆ గేటుని తియ్యగలదు, ముయ్యగలదు. వివరాల్లో చాలావాటిని తర్వాత సవరించారు కానీ, అసలు ప్రశ్న మారిపోయింది. ఎక్కడ కోయాలి అనేది పోయి, గేటు ఎలా ముయ్యాలి అనేది వచ్చింది.

రెండేళ్లు తిరగకుండానే, 1967లో, అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ ఊపిరితిత్తుల కాన్సర్ ఉన్న ఒక పెద్దాయనకి వెన్నుపాము వెనక ఎలక్ట్రోడ్ అమర్చాడు. దాని రూపకల్పనలో థామస్ మోర్టిమర్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి చెయ్యి ఉంది. సన్నగా కరెంటు పంపారు. నొప్పి తగ్గింది. ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు, కానీ వెన్నుపాము స్టిమ్యులేటర్ అలా పుట్టింది. కరెంటుతో నొప్పి తగ్గించడం మాత్రం కొత్త కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ గౌట్ నొప్పికి ఏం రాశాడంటే, సముద్రం ఒడ్డున తడి ఇసుకలో బతికున్న కరెంటు చేప మీద కాలు పెట్టి, మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకూ నిలబడు అని! సముద్రం ఇంకోసారి కూడా సాయం చేసింది లెండి. శంఖు నత్త విషం నుంచి తయారైన జికొనొటైడ్‌ని 2004లో అమెరికా అనుమతించింది, దాన్ని పంపుతో నేరుగా వెన్ను నీటిలోకే ఇస్తారు.

మరి ఈ స్టిమ్యులేటర్ నిజంగా పనిచేస్తుందా? లక్షల్లో ఖర్చు, ఒంట్లో బ్యాటరీ. కాబట్టి ఈ ప్రశ్న అడగాల్సిందే. 2007లో కెనడాలోని రెజైనాలో పనిచేసిన భారత మూలాలున్న న్యూరోసర్జన్ కృష్ణ కుమార్ బృందం ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. నడుం ఆపరేషన్ అయ్యాక కూడా కాలి నొప్పి పోనివాళ్లు 100 మంది. ఆరు నెలల తర్వాత కాలి నొప్పి సగమైనా తగ్గినవాళ్లు స్టిమ్యులేటర్ ఉన్నవాళ్లలో 48 శాతం, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 9 శాతం. బాగుంది కదా. కానీ ఒక చిక్కు. పాత స్టిమ్యులేటర్ పెడితే ఒంట్లో జిలజిలా తెలుస్తుంది. అంటే ఎవరికి నిజమైనది నడుస్తోందో పేషెంటుకి తెలిసిపోతుంది, నమ్మకమే సగం పని చేసేస్తుంది. 2022లో నార్వేలో 50 మందికి మెషిన్ పెట్టి, జిలజిల తెలియని రకం కరెంటుతో, కొన్ని నెలలు ఆన్ చేసి, కొన్ని నెలలు ఆన్ చేసినట్టు చెప్పి చూశారు. రోజువారీ పనుల్లో ఇబ్బంది ఎంత తగ్గింది అని కొలిస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మరోపక్క, షుగర్ వల్ల పాదాల్లో మంటలు వచ్చేవాళ్లకి హై ఫ్రీక్వెన్సీ స్టిమ్యులేటర్‌ని 2021లో అమెరికా అనుమతించింది, ఆ పరీక్షలో ఫలితాలు చాలా బాగా వచ్చాయి, కాకపోతే అందులో ఉత్తుత్తి మెషిన్‌తో పోలిక లేదు. షుగర్ లేని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది చెప్పండి, కాబట్టి ఇది మీ దాకా వస్తుంది. వచ్చినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి: పూర్తిగా అమర్చే ముందు కొన్ని రోజులు తాత్కాలికంగా పెట్టి చూడటం ఉంటుంది. ఆ ట్రయల్‌లో నిజంగా తగ్గిందా లేదా అని మొహమాటం లేకుండా చెప్పాలి.

సూదుల్లో ప్రమాదం లేదనుకోకండి. 2012లో అమెరికాలో ఒక మందుల తయారీ కేంద్రం నుంచి వచ్చిన స్టెరాయిడ్‌లో ఫంగస్ చేరింది. నడుం నొప్పికి వెన్నులో ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లకి మెదడు పొరల జబ్బు వచ్చి 60 మందికి పైగా చనిపోయారు.

సరే, పెద్దమ్మ ప్రశ్న. చెంపలోంచి సూది ఎవరిది? పుర్రె అడుగున, ముఖం నరం బయటికొచ్చే చిన్న కోడిగుడ్డు ఆకారం రంధ్రం ఒకటి ఉంది. నోటి మూల పక్కన చెంపలోంచి వెళ్లి ఆ రంధ్రాన్ని అందుకునే దారిని 1910లలో జర్మన్ సర్జన్ ఫ్రిట్జ్ హెర్టెల్ చూపించాడు. ముందు అందులోంచి ఆల్కహాల్ ఎక్కించేవాళ్లు. 1930లలో మార్టిన్ కిర్ష్నర్ కరెంటుతో కాల్చాడు. 1974లో బోస్టన్‌లో విలియం స్వీట్ దాన్ని పద్ధతిగా చేశాడు. పేషెంటుని మధ్యలో మేల్కొలిపి, 'ఇక్కడేనా?' అని అడిగి, సరైన కొమ్మని మాత్రమే కొద్దికొద్దిగా వేడి చేయడం. స్టాక్‌హోమ్‌లో హాకన్‌సన్ అనే డాక్టర్‌ది ఇంకా తమాషా. ఎక్స్‌రేలో నరం చోటు గుర్తు కోసం ఒక లోహపు పొడిని గ్లిజరాల్‌లో కలిపి ఎక్కిస్తే, అసలు చికిత్స మొదలుపెట్టకముందే నొప్పి పోయింది. గ్లిజరాలే మందని 1981లో ప్రకటించాడు.

నరం తమాషా చెబుతానన్నాను కదా. 1967లో పీటర్ జెన్నెటా అనే అమెరికన్ సర్జన్, చాలామందికి ఈ జబ్బు మూలం ఏంటో చెప్పాడు. మెదడు దగ్గర ఒక రక్తనాళం ముఖం నరాన్ని ఆనుకుని కొట్టుకుంటూ ఉండటం. పుర్రె వెనక చిన్న కన్నం పెట్టి, ఆ రెంటి మధ్య మెత్తటి ముక్క పెట్టేస్తారు. తర్వాత్తర్వాత అది టెఫ్లాన్ ముక్క అయింది, మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండేదే. పెద్దమ్మకి నేను, "రక్తనాళం నరం మీద పడింది పెద్దమ్మా" అంటే, "నరం మీద నరం పడిందంటావ్, అంతేగా" అంది. ఆవిడ గుండెకి అంత పెద్ద ఆపరేషన్ తట్టుకోదన్నారు కాబట్టి సూదికే వెళ్లాం.

రెండున్నరేళ్లు నొప్పి లేకుండా గడిచింది. ఎడమ చెంప కొంచెం మొద్దు. మెతుకు అంటుకున్నా తెలియట్లేదని పక్కన చిన్న అద్దం పెట్టుకుని తింటుంది. పోయిన నెల పళ్లు తోముకుంటుంటే ఒక్కసారి చిన్నగా చురుక్కుమందట. ఈసారి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, మర్నాడే తీసుకెళ్లాం. ఈసారి సూదిలోంచి చిన్న బెలూన్ పంపి, అక్కడ ఉబ్బించి నరాన్ని నొక్కుతామన్నారు. కారెక్కగానే అడిగింది, "ఈ బుడగ ఎవడిదిరా?"

షికాగో, ముల్లన్, 1983 అని చెప్పాను. వచ్చే గురువారం అడ్మిషన్.